రోమ్‌లో రెండు రోజులే ఉంటే: కొలోసియమా, వాటికనా, బోర్గేజేనా?

జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, శుక్రవారం రాత్రి చవక విమానం పట్టుకునే విద్యార్థులు, ఒకే షెంగెన్ వీసా మీద పది రోజుల్లో నాలుగు దేశాలు చుట్టే కుటుంబాలు... వీళ్ళలో ఎవరికైనా రోమ్‌కు మిగిలేది రెండు రోజులు, మహా అయితే మూడు. చూడాల్సినవేమో వారానికి సరిపడా ఉంటాయి. అందుకే జాబితాలో టిక్కులు పెట్టుకోవడం మానేసి పూటలు లెక్కపెట్టుకోండి. రోజుకు ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రెండే పూటలు. పెద్ద చోటు ఏదైనా ఒక పూటను పూర్తిగా మింగేస్తుంది. రెండు రోజులంటే నాలుగు పూటలు. వచ్చిన రోజు, వెళ్ళే రోజు విమానాశ్రయం దారి తీసేస్తే నిజంగా చేతిలో ఉండేవి మూడే.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది వారం. నెలాఖరుది తప్ప మిగతా ఆదివారాలు వాటికన్ మ్యూజియంలకు సెలవు. శిల్పాలు, చిత్రాలు ఉన్న బోర్గేజే గ్యాలరీకి సోమవారం సెలవు. శని, ఆదివారాలకు వచ్చేవాళ్ళకు వాటికన్ శనివారమే కుదురుతుంది. ఆది, సోమవారాలకు వచ్చేవాళ్ళు దీన్ని తిరగేసుకోవాలి.

రెండోది టికెట్. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్ల కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. కొలోసియం టికెట్లు 30 రోజుల ముందు విడుదలవుతాయి. రద్దీ నెలల్లో మంచి వేళలు త్వరగా పోతాయి. బోర్గేజేలో ముందస్తు బుకింగ్ లేకుండా గుమ్మం దాటనివ్వరు. వాటికన్‌కు అప్పటికప్పుడు వెళ్ళవచ్చు గానీ, గోడ వెంబడి రెండు మూడు గంటలు నిలబడే ఓపిక ఉండాలి.

మూడోది కాళ్ళు. రోమ్ పాతబస్తీ వీధులు చాలావరకు నల్లరాతి దిమ్మలు పరిచినవి. దిమ్మకూ దిమ్మకూ మధ్య సందులుంటాయి. పలుచని చెప్పులతో రోజంతా నడిస్తే సాయంత్రానికి అరికాళ్ళు మండుతాయి. చక్రాల సూట్‌కేసు, పిల్లల తోపుడు బండి రెండూ మొరాయిస్తాయి.

నాలుగోది చాలామంది అసలు ఆలోచించరు. ఎవరూ వివరించకపోయినా ఆ చోటు మీకు ఏమైనా చెబుతుందా? బోర్గేజేలో శిల్పం ముందు నిలబడితే చాలు. ఫోరంలో, అంటే పురాతన రోమ్ నడిబొడ్డు శిథిలాల్లో, అలా కాదు. తెలియకుండా వెళితే విరిగిన స్తంభాలు, గడ్డి, ఎండ తప్ప ఏమీ కనిపించవు.

| చోటు | పట్టే సమయం | టికెట్ | మూసే రోజు | నడక, మెట్లు | నీడ |
|---|---|---|---|---|---|
| కొలోసియం, ఫోరం, పాలటైన్ | 4 గంటలు | ముందే, పాస్‌పోర్టు పేరుతో | వారమంతా తెరిచే ఉంటుంది | కొలోసియంలో లిఫ్ట్ ఉంది. ఫోరంలో ఎగుడుదిగుడు | ఫోరంలో దాదాపు లేదు |
| వాటికన్ మ్యూజియంలు | 3 నుంచి 4 గంటలు | ముందే తీసుకోవడం మేలు | ఆదివారం (నెలాఖరుది తప్ప) | చాలా నడక | లోపలే |
| సెయింట్ పీటర్స్ బసిలికా | గంటన్నర. గోపురంతో 3 గంటలు | ప్రవేశం ఉచితం | రోజూ తెరిచే ఉంటుంది. బుధవారం ఉదయం వద్దు | గోపురానికి మెట్లు | క్యూ ఎండలో |
| బోర్గేజే గ్యాలరీ | సరిగ్గా 2 గంటలు | ముందే, తప్పనిసరి | సోమవారం | తక్కువ | లోపలే |
| కాపిటోలిన్ మ్యూజియంలు | 2 నుంచి 3 గంటలు | మామూలుగా అక్కడే దొరుకుతుంది | వారమంతా తెరిచే ఉంటాయి | మధ్యస్థం | లోపలే |
| పాంథియన్, చర్చిలు | ఒక్కోటి అరగంట | పాంథియన్‌కు 5 యూరోలు. చర్చిలు ఉచితం | మధ్యాహ్నం కొన్ని మూస్తారు | తక్కువ | లోపలే |

## కొలోసియం, ఫోరం, పాలటైన్ కొండ

మూడింటికీ ఒకటే టికెట్. మామూలుది 18 యూరోలు, వాడటం మొదలుపెట్టాక 24 గంటలు చెల్లుతుంది. టికెట్ మీద వేసే వేళ కొలోసియం గుమ్మానికి సంబంధించినది. ఫోరం, పాలటైన్‌కు ఆ గడువులో ఎప్పుడైనా వెళ్ళవచ్చు, కానీ ఒక్కసారే. తినడానికని బయటికొస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు.

దీని పైన 24 యూరోల టికెట్లున్నాయి, అవి రెండు రోజులు చెల్లుతాయి. వీటిలో కొన్ని పోరాటాలు జరిగిన అరీనా నేల మీదికి, కొన్ని నేల కింది గదుల్లోకి తీసుకెళతాయి. అరీనాకు మాత్రమే అయితే ఆ ఆరు యూరోలు దండగని మా అభిప్రాయం. పైనుంచి చూసిందే కింద నిలబడి చూస్తారు, అంతే. నేలమాళిగ సంగతి వేరు. మృగాలను, మనుషులను తాళ్ళతో పైకి లాగిన నిలువు గుంటలు, వాటి మధ్య ఇరుకు దారులు అక్కడున్నాయి. ఈ కట్టడం ఒక యంత్రంలా ఎలా పనిచేసిందో అర్థమయ్యేది అక్కడే. ఆ టికెట్లు తక్కువ, ముందుగా అయిపోయేవీ అవే. దొరికితే వదలకండి, దొరక్కపోతే మామూలు టికెట్ చాలు.

వెస్పేసియన్ చక్రవర్తి మొదలుపెట్టిన ఈ కట్టడాన్ని ఆయన కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. లోపలికెళ్ళే తొందరలో ఎవరూ పట్టించుకోనివి బయటి గోడ మీద రెండున్నాయి. ఒకటి, చెదలు తిన్నట్టు రాళ్ళ నిండా ఉన్న గుంతలు. రాళ్ళను కలిపి పట్టుకున్న ఇనుప బిగింపులను మధ్యయుగాల్లో లోహం కోసం పెకలించుకుపోయిన చోట్లవి. రెండోది, ఉత్తరం వైపు కమానుల నెత్తిన చెక్కిన రోమన్ అంకెలు. మొత్తం 80 ద్వారాలుండేవి. మిగిలిన గోడ మీద 23 నుంచి 54 వరకు అంకెలు ఇప్పటికీ చదవవచ్చు. స్టేడియంలో గేటు నంబరు చూసుకుని వెళ్ళినట్టే ఆనాటి జనం కూడా వెళ్ళారు.

ఇక్కడ తప్పు జరిగే చోట్లు మూడు. 2023 అక్టోబరు నుంచి టికెట్ మీద ప్రతి ఒక్కరి పేరూ ఉండాలి, గుమ్మం దగ్గర గుర్తింపు పత్రంతో సరిచూస్తారు. మనవాళ్ళు ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే అలవాటుకొద్దీ ఇక్కడా అలాగే రాసేస్తారు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా, అక్షరం పొల్లుపోకుండా రాయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, పేరులోని చివరి మాటను టికెట్ ఫారంలో ఇంటిపేరు గడిలో వేయడం మేలు. 18 ఏళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం ఉచితమే, అయినా సున్నా ధర టికెట్ వాళ్ళ పేరున తీసుకోవాలి.

రెండో చిక్కు విద్యార్థులది. 18 నుంచి 25 ఏళ్ళ మధ్యవారికి ఉన్న 2 యూరోల టికెట్ యూరోపియన్ యూనియన్ పౌరులకే. మ్యూనిక్‌లో చదువుతున్నా, రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా, భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి అది వర్తించదు. వాటికన్‌లో మాత్రం 25 ఏళ్ళ లోపు వారికి విద్యార్థి కార్డు చూపితే తగ్గింపు ఉంటుంది, అక్కడ పౌరసత్వం అడగరు. రెంటినీ కలగాపులగం చేసుకుని కొలోసియం గుమ్మం దగ్గర వెనక్కి తిరగాల్సి వస్తుంది.

మూడోది ఎండ. జూన్ నుంచి ఆగస్టు వరకు ఫోరంలో మధ్యాహ్నం నడవడం శిక్షే. ఉదయం మొదటి వేళ కొలోసియం తీసుకుని, అక్కడ గంటన్నర గడిపి, సాన్ గ్రెగోరియో వీధి గుమ్మం నుంచి పాలటైన్ కొండ ఎక్కండి. అక్కడ క్యూ తక్కువ, కొండ మీద చెట్లున్నాయి. ఎక్కడం ముందే అయిపోతుంది కాబట్టి ఆపైన ఫోరంలోకి దిగుతూ రావచ్చు. శీతాకాలంలో చిక్కు వేరు. పొద్దుగుంకక ముందే మూసేస్తారు, మూడు గంటల వేళకు టికెట్ తీసుకుంటే ఫోరం దక్కదు.

## వాటికన్ మ్యూజియంలు

టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్ బుకింగుకు మరో 5. ఆ 5 యూరోలు రోమ్‌లో మీరు పెట్టే అన్నిటికన్నా తెలివైన ఖర్చు. నెలాఖరు ఆదివారం ఉచితమని ఆశపడకండి. ఆ రోజు బుకింగ్ ఉండదు, పన్నెండున్నర దాటితే లోపలికి రానివ్వరు, రెండింటికి మూసేస్తారు. మిగిలేది క్యూ జ్ఞాపకమే.

చాలామంది ఉదయం తొమ్మిది, పది గంటల వేళలు తీసుకుంటారు, గుంపులన్నీ వచ్చేదీ అప్పుడే. సోమవారం నుంచి శనివారం వరకు రాత్రి 8 దాకా తెరిచే ఉంటాయి, ప్రవేశం 6 వరకు. అందుకే మూడున్నర, నాలుగు గంటల వేళ మంచిది. ఐదున్నర తర్వాత రఫేల్ గదుల్లో ‘ఏథెన్స్ పాఠశాల’ చిత్రం ముందు కాస్త నిలబడే జాగా దొరుకుతుంది. మూసే వేళకు అరగంట ముందు నుంచే హాళ్ళు ఖాళీ చేయించడం మొదలుపెడతారు, ఆ లెక్కలో కదలండి.

లోపలి దారి ఒకవైపే సాగుతుంది. బాణం గుర్తుల్ని నమ్ముకుంటే 120 మీటర్ల పటాల గ్యాలరీ మీదుగా, గుంపు తోసినట్టల్లా కదిలి సిస్టీన్ చాపెల్‌లో తేలతారు. మైకెలాంజెలో కప్పు మీది బొమ్మలు 1508 నుంచి 1512 వరకు వేశాడు. ఎదుటి గోడ మీది ‘అంతిమ తీర్పు’ అయితే దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత, 1541లో పూర్తయింది. రెండూ ఒకే చేతివే అయినా మనుషుల ఒళ్ళు ఎంత మారిందో గమనించండి. ఫొటోలు తీయనివ్వరు, మాట్లాడితే కాపలావాళ్ళు వారిస్తారు. గోడల వెంబడి బెంచీలున్నాయి, ఖాళీ కాగానే కూర్చుని తల పైకెత్తడం మంచిది. నిలబడి చూస్తే పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది.

పెద్దవాళ్ళతో వచ్చేవారికి మ్యూజియం దగ్గర చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, గుర్తింపు పత్రం దగ్గర పెట్టుకుంటారు. అడగడానికి మొహమాటపడకండి. ఇక్కడి నడకను ‘మ్యూజియమే కదా’ అని తక్కువ అంచనా వేస్తే ఆ సాయంత్రం మంచం దిగలేరు.

## సెయింట్ పీటర్స్ బసిలికా

ఇది మ్యూజియంలో భాగమనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. మ్యూజియం గుమ్మం ఉత్తరం గోడ వైపు, బసిలికా గుమ్మం చౌరస్తా వైపు. మధ్య గోడ చుట్టూ నడవడానికి పావుగంట పైనే పడుతుంది. సిస్టీన్ చాపెల్ నుంచి నేరుగా బసిలికాలోకి ఒక తలుపు ఉంది గానీ, అది గైడ్ గుంపుల కోసం. తెరిచి ఉంటుందన్న భరోసాతో ప్లాన్ వేయకండి.

ప్రవేశానికి డబ్బు లేదు, తనిఖీ క్యూ ఉంది. ఉదయం 7కే తెరుస్తారు. ఎనిమిదిలోపు వెళితే క్యూ చిన్నది, పదింటికి చౌరస్తా సగం చుట్టేస్తుంది. బుధవారం ఉదయం పోప్ దర్శనం ఉంటుంది, ఆ పూట బసిలికా చూడాలనుకోకండి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, మ్యూజియంలోనూ ఇదే నియమం. నిక్కరు వేసుకున్న మగవాళ్ళను కూడా వెనక్కి పంపుతారు. చీరకు, సల్వార్‌కు ఇబ్బంది లేదు. జాకెట్టు చేతుల్లేనిదైతే పైన చున్నీ ఉంచుకోండి.

గోపురానికి 551 మెట్లు. లిఫ్ట్ ఎక్కితే 320 మిగులుతాయి. అలిపిరి మెట్లెక్కినవాళ్ళకు 320 ఒక లెక్కా అనిపిస్తుంది. ఇక్కడ భయపెట్టేది సంఖ్య కాదు, ఇరుకు. పైకి పోయేకొద్దీ గోడ గోపురంతో పాటు వంగుతుంది, మీరూ పక్కకు ఒరిగి నడవాలి. మధ్యలో వెనక్కి దిగే వీలుండదు. ఇరుకంటే ఊపిరాడనివారు, గుండె జబ్బులున్నవారు లిఫ్ట్ ఎక్కి డాబా దగ్గరే ఆగిపోవడం మంచిది. అక్కడ నుంచి కూడా చౌరస్తా చక్కగా కనిపిస్తుంది.

## బోర్గేజే గ్యాలరీ

కొలోసియం, వాటికన్ రెండూ చూసేశాక మూడో పూట దేనికన్న ప్రశ్న వస్తే, సందేహించకుండా దీనికే. రెండు గంటలకు పరిమితమైన మందిని మాత్రమే లోపలికి పంపుతారు కాబట్టి, రోమ్‌లో పేరున్న చోట్లలో తోపులాట లేకుండా చూడగలిగేది ఇదొక్కటే.

శిల్పి బెర్నీని 1620ల తొలినాళ్ళలో, ఇరవై దాటిన వయసులో చెక్కిన శిల్పాలు ఇక్కడున్నాయి. ప్రొసెర్పినాను ఎత్తుకుపోతున్న పాతాళ దేవుడు ప్లూటో వేళ్ళను దగ్గర నుంచి చూడండి. వేలు నొక్కిన చోట పాలరాయి గుంట పడి, చుట్టూ మెత్తగా ఉబ్బింది. పక్కకు జరిగితే ఆమె బుగ్గ మీద కన్నీటి బొట్టు కనిపిస్తుంది. అపోలో, డాఫ్నీ శిల్పానికి చుట్టూ తిరగాలి. అపోలో దేవుడి నుంచి పారిపోతూ చెట్టుగా మారిపోతున్న డాఫ్నీ వేళ్ళ చివర్లు ఆకులుగా మారుతుంటాయి, ఆ ఆకులు వెలుతురు చొరబడేంత పలుచన. చిత్రకారుడు కారవాజ్జో చిత్రాలు ఆరున్నాయి.

చిక్కల్లా వేళలతోనే. ఆలస్యమైతే పోయిన నిమిషాలు మీవే, రెండు గంటలు పొడిగించరు. చేతిసంచీతో సహా సామాను గదిలో పెట్టాలి, దానికో క్యూ. అరగంట ముందు చేరండి. మెట్రో స్టేషన్ దగ్గర్లో లేదు, పార్కు లోపలికి నడవాలి. ప్రధాన రైల్వే స్టేషన్ టెర్మినీ నుంచి 910 బస్సు దగ్గరగా దింపుతుంది.

శిల్పం మీద ఆసక్తి లేని పన్నెండేళ్ళ పిల్లాడికి మాత్రం ఈ రెండు గంటలు రెండు రోజులు. ఆ కుటుంబం పక్కనున్న పార్కులో సైకిళ్ళు అద్దెకు తీసుకోవడం ఉత్తమం.

## టికెట్ దొరకనివాళ్ళకు

కొలోసియం టికెట్లు అయిపోతే ప్రయాణం వృథా అయిందనుకోనక్కర్లేదు. బయటి నుంచి కొలోసియం, ఆపైన కాపిటోలిన్ మ్యూజియంలు. మార్కస్ ఔరేలియస్ చక్రవర్తి గుర్రం మీద కూర్చున్న అసలు కంచు విగ్రహం లోపల ఉంది, బయట చౌరస్తాలో ఉన్నది నకలు. రెండు భవనాలను కలిపే నేల కింది దారి నుంచి ఫోరం మొత్తం కాళ్ళ కింద పరుచుకుని కనిపిస్తుంది. ఫోరం లోపల తిరిగిన దానికన్నా ఇక్కడ నుంచే దాని ఆకారం బాగా తెలుస్తుంది.

పాంథియన్ హేడ్రియన్ చక్రవర్తి కాలపు కట్టడం. గుమ్మటం అడ్డుకొలత, నేల నుంచి ఎత్తు రెండూ 43.3 మీటర్లే. పైకి పోయేకొద్దీ కాంక్రీటులో తేలికపాటి రాయి వాడారు, అందుకే ఇనుము లేకుండా ఇన్ని శతాబ్దాలు నిలిచింది. నడినెత్తిన కన్నం మూత లేనిది. వాన పడితే లోపల పడుతుంది, నేలలోని చిన్న కన్నాల్లోంచి పోతుంది. వాన రోజు వెళ్ళడం అదృష్టం.

అక్కడి నుంచి ఐదు నిమిషాల నడకలో సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చి. సెయింట్ మాథ్యూ మీద కారవాజ్జో వేసిన మూడు పెద్ద చిత్రాలు ఎడమవైపు చివరి గదిలో ఉన్నాయి, చూడటానికి పైసా అక్కర్లేదు. మైకెలాంజెలో మోజెస్ విగ్రహం కొలోసియం దగ్గరి సాన్ పియెత్రో ఇన్ వింకోలి చర్చిలో ఉంది, అదీ ఉచితమే. ఈ చర్చి మధ్యాహ్నం పన్నెండున్నరకు మూసి మూడింటికి తెరుస్తారు, ఆ మధ్యలో వెళ్ళి తలుపు చూసి రాకండి.

## పాస్ కొనాలా?

రోమా పాస్ 48 గంటలది సుమారు 36 యూరోలు. ఒక చోట ప్రవేశం ఉచితం, ఆపైన తగ్గింపు, బస్సు, మెట్రో ఉచితం. కొలోసియం 18 తీసేస్తే మరో 18 రవాణాలో రాబట్టుకోవాలి. ఒక మెట్రో టికెట్ 1.50 యూరోలు, అంటే పన్నెండు ప్రయాణాలు. పాతబస్తీ అంతా నడక దూరమే కాబట్టి రెండు రోజుల్లో పన్నెండుసార్లు మెట్రో ఎక్కేవాళ్ళు అరుదు. పైగా వాటికన్ ఇందులో లేదు, పాస్ ఉన్నా కొలోసియం, బోర్గేజే వేళలు విడిగా బుక్ చేసుకోవాల్సిందే. మూడు రోజులుండి, కొలోసియం, బోర్గేజే రెండూ చూస్తూ, హోటల్ దూరంగా ఉన్నవాళ్ళకు 72 గంటల పాస్ సరికి సరి అవుతుంది. మిగతావాళ్ళకు అనవసరం.

మెట్రో గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, కానీ మనిషికో కార్డు కావాలి. కాగితం టికెట్ అయితే బస్సెక్కగానే యంత్రంలో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని టికెట్‌ను టికెట్‌గా లెక్కపెట్టరు, జరిమానా రాస్తారు. టెర్మినీలో మెట్రో ఎక్కేటప్పుడు, వాటికన్ వైపు పోయే 64 నంబరు బస్సులో జేబులు జాగ్రత్త.

## ఎవరికి ఏది

అరవై దాటిన తల్లిదండ్రులతో: ఒకరోజు పొద్దున్నే బసిలికా, పడక, సాయంత్రం వాటికన్. మరుసటి ఉదయం కొలోసియం మాత్రమే, లిఫ్ట్‌తో. ఫోరంను కాపిటోలిన్ కొండ వెనక వైపు నుంచి చూపించి పాంథియన్‌కు ట్యాక్సీ ఎక్కండి.

పదేళ్ళ లోపు పిల్లలతో: కొలోసియంకు ఓటు. నేలమాళిగ టికెట్ దొరికితే ఇంకా మంచిది. వాటికన్ మానేసి బసిలికా గోపురం ఎక్కించండి, పిల్లలకు ఆ ఒరిగిన గోడలు ఆట.

విద్యార్థులకు: నెల మొదటి ఆదివారం కొలోసియం ఉచితమే. బుకింగ్ ఉండదు కాబట్టి తెరిచే వేళకు గంట ముందు నిలబడగలిగితేనే. ఆ వారాంతంలో శనివారం వాటికన్ విద్యార్థి టికెట్, ఆదివారం మధ్యాహ్నం చర్చిలు. ఖర్చు పాతిక యూరోల లోపే తేలుతుంది.

చరిత్ర మీద మోజున్నవారికి: గైడ్‌కు డబ్బు పెట్టేదుంటే ఫోరంకు పెట్టండి, కొలోసియంకు కాదు. వీధిలో ‘క్యూ లేకుండా’ అంటూ వెంటపడేవాళ్ళ మాట వినకండి, భద్రతా తనిఖీ క్యూ అందరికీ ఒకటే.

నీళ్ళ సీసా కొనాల్సిన పని లేదు. వీధి మూలల్లో ముక్కులాంటి గొట్టంతో ఇనుప కొళాయిలు రాత్రీపగలూ పారుతుంటాయి, తాగే నీళ్ళే. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగవచ్చు. తిండికి చతురస్రపు పిజ్జా దుకాణాలు చవక. కత్తెరతో కోసి తూకం వేసి ఇస్తారు, చేత్తో చూపించిన మేరకే కోస్తారు. శుద్ధ శాకాహారులు ఒకటి తెలుసుకోవాలి. ఇక్కడి పాస్తాల మీద చల్లే పెకొరీనో జున్నును గొర్రెపిల్ల కడుపులోని రెనెట్‌తో విరగ్గొడతారు. అది పడనివారికి జున్ను లేని మరినారా పిజ్జా ఉంది, టమాటా, వెల్లుల్లి, నూనె అంతే.

వెళ్ళే రోజు పూట కొలోసియంకు పెట్టుకుంటే పెద్ద బ్యాగు తీసుకురాకండి, లోపలికి రానివ్వరు, పెట్టుకోవడానికి చోటూ లేదు. హోటల్‌లోనో టెర్మినీ స్టేషన్ సామాన్ల గదిలోనో వదలండి. టెర్మినీ నుంచి ఫియుమిచీనో విమానాశ్రయానికి లియొనార్దో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాలు, మనిషికి 14 యూరోలు. పాత కోట గోడల లోపలి నుంచి ట్యాక్సీకి నిర్ణయించిన ధర 55. ఇద్దరుంటే రైలు, నలుగురుంటే హోటల్ గుమ్మం నుంచే ట్యాక్సీ.